దూరమా అని అడిగిన పెద్దాయన

దయ్యాలూ భూతాలూ ఉన్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మనివాడే ఆ కథలు ఇంకా బాగా చెబుతాడు. షికాగో పక్క నేపర్‌విల్‌లో మావాళ్ళు తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్‌లలో నేను చెప్పిన అద్దె ఇంటి కథ, ఆసుపత్రి వరండా కథ, హైవే మీద లిఫ్ట్ అడిగిన ముసలావిడ కథ, అన్నీ అక్కడికక్కడ పెరుగన్నం కలుపుకుంటూ అల్లినవే. ఆ ముసలావిడ కథ విన్నాక ఒకాయన ఆర్నెల్లు ఆ రోడ్డు మానేసి, చుట్టూ తిరిగి ఆఫీస్‌కి వెళ్ళాడు. ఆయన ఇది చదువుతుంటే, క్షమించమని అడుగుతున్నాను.

కాబట్టి దీన్ని కూడా నమ్మమని ఎవర్నీ బలవంతపెట్టను. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం భయం కాదు, సిగ్గు.

విమలక్క నాకు సొంత అక్క కాదు. ఆవిడది కరీంనగర్, నాది నెల్లూరు జిల్లా కావలి. పదేళ్ళుగా పొద్దున్నే షికాగో వెళ్ళే లోకల్ రైల్లో మావి ఎదురెదురు సీట్లు. ఆవిడ నన్ను తమ్మి అంటుంది. వాళ్ళాయన రవీందర్‌ని నేను బావ అంటాను.

అక్కకి రెటీనాలో జబ్బు. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకొస్తుందట. కారు నడపడం అప్పటికే మానేసింది. రెండేళ్ళు, మహా అయితే మూడేళ్ళు అని డాక్టర్ చెప్పిన మర్నాడు రైల్లో ఆవిడ ఏడుస్తుందేమోనని నేను పేపర్ అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ ఏడవలేదు. ఆల్ప్స్ కొండలు చూడాలె అంది.

వాళ్ళ చిన్నప్పటి బడిలో హెడ్మాస్టర్ గదిలో ఒక క్యాలెండర్ ఉండేదట. మంచు కొండల నడుమ రైలు. ఏడాది అయిపోయినా బొమ్మ బాగుందని ఎవరూ దాన్ని తీసేవాళ్ళు కాదట. ఆ కొండల్నే చూడాలి, అదీ రైలు కిటికీలోంచే చూడాలి, చూపు ఉండగానే చూడాలి.

ఆ పని నా మీద పడింది. ఎందుకంటే నాకు రెండు రకాల కోతలొచ్చు. మాటల్లో కోసేది ఒకటి, టికెట్టు ధర కోసేది రెండోది.

యూరప్ అనగానే అందరూ చూడాల్సిన ఊరికి నేరుగా ఫ్లైట్ వెతుకుతారు. నేను అలా వెతకను. ముందు సముద్రం దాటడానికి ఏ ఊరు చవకో చూస్తాను, అది ఏ దేశంలో ఉన్నా సరే. అక్కడి నుంచి చిన్న విమానం. సీటు కింద పట్టే ఒక్క సంచీ, బోర్డింగ్ పాస్ ఇంట్లోనే ప్రింట్ తీసుకోవాలి, దిగే ఎయిర్‌పోర్ట్ ఊరికి గంట దూరంలో ఉన్నా నోరెత్తకూడదు. ఆ తర్వాత రైళ్ళు. సరిహద్దు ఇవతలి స్టేషన్ నుంచి కొంటే ఒక ధర, లోకల్ రైల్లో సరిహద్దు దాటి అవతలి స్టేషన్ నుంచి కొంటే అందులో సగం. రెండు మూడు నెలల ముందు కొనాలి. కొన్న రైలే ఎక్కాలి, తర్వాతి రైలు ఎక్కితే ఆ టికెట్టు చెల్లదు.

ఇలా ఎన్ని కుటుంబాలకి ప్లాన్ చేసి ఇచ్చానో లెక్క లేదు. ఇందులో ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. అప్పటికి నేను యూరప్‌లో కాలు పెట్టలేదు. ఇండియా వెళ్ళేటప్పుడు ఫ్లైట్ మారిన ఎయిర్‌పోర్ట్‌లు తప్ప ఏమీ చూడలేదు. అయినా "మేం వెళ్ళినప్పుడు" అని మొదలుపెట్టకుండా ఒక్క ప్లాన్ కూడా ఇచ్చినవాణ్ణి కాదు.

అక్క నాకు ఒక్కటే చెప్పింది. "పైసలు జర ఎక్కువైనా పర్వాలే తమ్మి. కిటికీలకెళ్లి కొండలు కనబడాలె, గంతే." ఆ మాట నాకు బాగా గుర్తుంది. గుర్తులేకపోతే ఇవాళ ఇది రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఇటలీ వైపు నుంచి ఆ కొండలు దాటడానికి రెండు రైలు దారులున్నాయి. పాతది కొండ మీదుగా మెలికలు తిరుగుతూ నిదానంగా ఎక్కి దిగుతుంది. కొత్తది కొండ కింద సొరంగంలో దూరి ఇరవై నిమిషాల్లో అవతలికి తేలుతుంది. తగ్గింపు టికెట్టు కొత్తదాని మీదే దొరికింది. రెండింటికీ తేడా ఇద్దరు మనుషుల ఒక పూట హోటల్ భోజనమంత.

సొరంగం సంగతి నాకు తెలుసు. మ్యాప్‌లో చుక్కల గీత కనిపిస్తూనే ఉంది. ముందూ వెనకా కొండలు ఉంటాయిలే, చాల్లే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ టికెట్టుతో ట్రిప్పు మొత్తం నా పాత ప్లాన్లన్నింటికంటే తక్కువకి వస్తోంది. అంత తక్కువలో చేశానని పదిమందిలో చెప్పుకోవాలని నా యావ. బుక్ చేసేశాను. పాత దారి ఒకటి ఉందని అక్కకి చెప్పలేదు.

మా షికాగో రైల్లో లాప్‌టాప్ తెరిచి ప్లాన్ చూపిస్తుంటే ఆవిడ ఒక్కచోట ఆగింది. సరిహద్దు దాటాక ఒక చిన్న స్టేషన్‌లో నాలుగు గంటల హాల్టు.

"నాలుగు గంటలు ఆడ ఏం జేస్తం తమ్మి? మీ బావ గోడలు గీకుతడు."

ఇంకో రైలు చూడమంటుందేమోనని నాకు కంగారు పుట్టింది. అప్పుడు కోసాను. రెండో ప్లాట్‌ఫారం చివర రాతిగోడలో నీలం తలుపు ఉంటుందన్నాను. లోపల బుల్లి టీ కొట్టు. కొట్టు పెద్దాయన వయసులో ఓడల మీద పనిచేసి విశాఖపట్నంలో ఏడాది ఉన్నాడు, నాలుగు తెలుగు ముక్కలొచ్చు, అల్లం దంచి టీ పెడతాడు, మేం వెళ్ళినప్పుడు డబ్బులిస్తే పుచ్చుకోలేదు అన్నాను.

"నిజమేనా, కోస్తున్నవా?"

"అమ్మతోడక్కా" అన్నాను. మా అమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు. అప్పట్నుంచీ ఆ ఒట్టు ధైర్యంగా వేస్తున్నాను.

జూన్‌లో వెళ్ళొచ్చారు. వచ్చిన వారం శనివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. వెనక డెక్ మీద కూర్చున్నాం. కొండలెలా ఉన్నాయక్కా అన్నాను. కనబడలే అంది, కోపం లేకుండానే. సొరంగం ముందు వాన, సొరంగం తర్వాత మబ్బు. మధ్యలో చీకటి. కిటికీలో తన ముఖమే కనిపించిందట. బావ నా వంక చూడకుండా మిక్చర్ తింటున్నాడు.

నేనేదో సర్దిచెప్పబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "గది ఇడిసిపెట్టు. నీ చాయ్ పెద్దాయన దొరికిండు."

వెటకారం అనుకున్నాను. కాదు. ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి వెళ్ళిందట. రాతిగోడలో నీలం తలుపు, సగం తెరిచి ఉంది. లోపల చెక్క బల్ల, కిరసనాయిలు స్టవ్ లాంటిది ఒకటి. పెద్దాయన తలెత్తి చూసి ఒక్క మాట అన్నాడట.

"దూరమా? అన్నడు తమ్మి. తెల్లోడు. నాకు నవ్వాగలే. నువ్వే నేర్పి ఉంటవ్ అనుకున్న. మా తమ్ముడు పంపిండని చెప్పిన, తలకాయ ఊపిండు. ఎడమ చెయ్యికి చిటికెన వేలు లేదు పాపం, అయినా రెండు గ్లాసులు ఆ చేతితోనే పట్టుకొచ్చి ఇచ్చిండు."

ఇక్కడ కొంచెం ఆగి ఒక విషయం చెప్పాలి. కోసేటప్పుడు నాకో పద్ధతి ఉంది. మనిషిని పూర్తిగా కల్పించను. ఎక్కడో చూసినవాణ్ణి తెచ్చి కథలో నిలబెడతాను. అప్పుడే మాట తడబడదు. ఆ రోజు నేను మనసులో నిలబెట్టుకున్నది గూడూరు స్టేషన్‌లో టీ అమ్మే ఆయన్ని. తిరుపతిలో చదువుకునేటప్పుడు గూడూరులో రైలు మారేవాణ్ణి. ఆయనకి ఎడమ చేతి చిటికెన వేలు లేదు. బయల్దేరిన మనిషిని మనవైపు ఎక్కడికి అని అడగరు. అపశకునం. దూరమా అంటారు. రోజంతా ప్రయాణికుల మధ్యే బతికిన ఆ మనిషి టీ ఇస్తూ ప్రతివాణ్ణీ అదే అడిగేవాడు.

ఈ రెండు విషయాలూ నేను అక్కకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళలో మా ఆవిడతో కూడా గూడూరు టీ ప్రస్తావన తేలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అడిగాను. ఎవరాయన అంది.

బావని విడిగా అడిగాను. తను బ్యాగుల దగ్గర బెంచీ మీదే ఉన్నాడట, ఆ చివరికి వెళ్ళలేదు. అక్క వెళ్ళి టీ తెచ్చింది, తాగాడు. అల్లం ఘాటుగా ఉందన్నాడు. గ్లాసులు ఆవిడే తిరిగి ఇచ్చొచ్చిందట. ఫోన్‌లో ఫోటో చూపించాడు. బెంచీ మీద అక్క, చేతిలో గాజు గ్లాసు, మన స్టేషన్‌లలో ఇచ్చే గీతల గ్లాసు. వెనక రాతిగోడ. ఫోటోలో తలుపు పడలేదు.

దీనికి కారణం వెతకడానికి నేను చేయని ప్రయత్నం లేదు. అటువైపు పంజాబీలూ బెంగాలీలూ చాలామంది పనిచేస్తారని చదివాను. వాళ్ళలో ఎవరిదో కొట్టు అయ్యుండొచ్చు. అల్లం టీ దాకా అది సరిపోతుంది. దూరమా దగ్గర ఆగిపోతుంది. వేలు దగ్గర అసలు నిలబడదు.

మరుసటి ఏడు జూన్‌లో వెళ్ళాను. ఒక్కణ్ణే. చవక టికెట్టు వెతకలేదు. చేతికి దొరికింది కొన్నాను.

ఆ స్టేషన్ పేరు రాయను. రెండు ప్లాట్‌ఫారాలు, పట్టాల కింద నుంచి నడిచే దారి, నాణెం వేస్తే చాక్లెట్ పడే మిషన్. ఫోటోలోని బెంచీ ఉంది. దాని మూడో చెక్క మీద ఫోటోలో కనిపించిన గీరే ఉంది. రాతిగోడ ఉంది. చివరిదాకా చేత్తో తడుముకుంటూ నడిచాను. తలుపు లేదు, తలుపు మూసేసిన గుర్తు లేదు, రంగు మరక లేదు. టికెట్ కౌంటర్‌లో ఒక నడివయసు ఆవిడ ఉంది. ఫోన్‌లో అనువాదం పెట్టి అడిగాను. తన ఉద్యోగమంతా ఈ స్టేషన్‌లోనే గడిచిందనీ, ఇక్కడ కొట్టు ఎప్పుడూ లేదనీ, ఆ గోడ వెనక గది పట్టే చోటు లేదు, మట్టిగట్టు అనీ చెప్పింది. ఫోటో చూపిస్తే బెంచీని గుర్తుపట్టింది. గ్లాసుని వేలితో పెద్దది చేసి చూసి, ఇది మాది కాదు అంది.

నాలుగు గంటలు కూర్చున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు.

తర్వాత పాత దారి రైలెక్కాను. ఆ రోజు ఆకాశం కడిగినట్టుంది. కొండల గురించి రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఒక్కటి చెబుతాను. రైలు మెలికలు తిరుగుతూ పోతుంటే ఒక చిన్న తెల్ల చర్చి కిటికీలోకి వచ్చింది, మనకి దిగువన. కాసేపటికి అదే చర్చి మళ్ళీ వచ్చింది, మన పక్కన. ఇంకాసేపటికి మూడోసారి, మనకంటే ఎత్తులో. ఆ మూడోసారి నేను కిటికీ దగ్గర్నుంచి లేచి అవతలి సీటులోకి వెళ్ళి కూర్చున్నాను. ఆ కిటికీ సీటు నాది కాదనిపించింది.

తిరిగి వచ్చేసరికి అక్క ఉద్యోగం మానేసింది. చూపు మధ్యలో చిన్న గుండ్రం మిగిలిందట, అందులో కూడా ముఖాలు పొగపట్టినట్టు. వంటింట్లో కూర్చోబెట్టి, ముందు అదే అడిగింది.

"మంచిగున్నడా పెద్దాయన?"

అంతా చెప్పేశాను. అంతకు ముందు నేనెప్పుడూ అక్కడికి వెళ్ళలేదని, కొట్టు నేను కోసిన కోతని, ఇప్పుడు వెళ్తే గోడ తప్ప ఏమీ లేదని. బావ స్టవ్ కట్టేసి నిలబడ్డాడు. అక్క మాత్రం తాపీగా విన్నది.

"పోయిన అని కోసినవ్, సరే. ఇప్పుడు పోలే అని కోస్తున్నవా? నేను సూసిన తమ్మి. కండ్లద్దాలు తుడుసుకొని మరీ సూసిన."

"లేదక్కా. ఇంకోటి కూడా ఉంది. కొండ మీదుగా వేరే దారి ఉంది. నాకు తెలుసు. తెలిసే సొరంగం బుక్ చేశాను."

ఈసారి అక్క కోత అనలేదు. టేబుల్ మీద గ్లాసు వెతుక్కుని, పట్టుకుని, తాగకుండా మళ్ళీ పెట్టేసింది. అప్పుడు అడిగింది.

"ఎట్లుంటది ఆ తోవ?"

జీవితంలో మొదటిసారి ఒక్క ముక్క కూడా కలపకుండా చెప్పాను. తెల్ల చర్చి, కిటికీలో మూడుసార్లు, ముందు కింద, తర్వాత పక్కన, తర్వాత పైన.

అక్క ముఖం తేటపడింది. "మూడుసార్లా? ఒక్కటే గుడి?" అంది. బావ ఉన్నవైపు తిరిగి, "సూడు, ఇగ ఇది కోత" అని నవ్వింది.

ఆ చర్చి ఉంది. టికెట్టు కొన్న ఎవరికైనా కనిపిస్తుంది. లేని తలుపు ఆవిడకి ఎలా కనిపించిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఉన్న కొండలు ఎందుకు కనిపించలేదో మాత్రం తెలుసు.