సుద్దముక్కకు మూడు వేళ్లు

అయ్యవారు జమ్మలమడుగు ఆస్పత్రిలో తెల్లవారుతుండగా పోయారని బస్సు దిగిన మనిషి చెప్పాడు. ఎద్దులకు కాడి కట్టబోతున్నవాణ్ణి ఉన్నచోటే కూలబడ్డాను. ఆయనకు నేను చేసిన ద్రోహం అప్పటికి మా ఇద్దరికే తెలుసు.

పులివెందుల నుంచి ఆయన మా బడికి బదిలీ మీద వచ్చేనాటికి ఊరు రెండు ముక్కలు. పైవీధి మాది, కిందివీధి వాళ్లది. పగవాడు చేతికి దొరక్కపోతే వాడి చీనీతోట నరికేవాళ్లం. కాపుకొచ్చిన బత్తాయి చెట్లు ఒక్క పూటలో మొండేలయ్యేవి. అలాంటి ఊళ్లో చెట్లు నాటుదామన్నారు ఆ మహానుభావుడు!

బడి నుంచి శ్మశానం దాకా బాటకు రెండువైపులా వేపమొక్కలు. ఒక వీధివాళ్లు నాటినదానికి రెండో వీధివాళ్లు నీళ్లు పొయ్యాలని షరతు.

"ఇదేం పితలాటకం అయ్యవారూ?" అని మా నాయన కసిరాడు.

"అట్లయితే ఎవురి చెట్టని నరుకుతారప్పా?" అన్నారాయన.

పలకలు కడిగిన నీళ్లూ మొక్కలకే. ఎవరైనా పుక్కిలిస్తూ కనిపిస్తే రెక్క పట్టుకుని లాక్కుపోయేవారు. "ఆ ఉమ్మేదేందో ఈడ ఉమ్ము" అనేవారు. మేము నవ్వేవాళ్లం, పోసేవాళ్లం.

మూడో ఏడు మా అన్నను కిందివీధి వాళ్లు ప్రొద్దుటూరు సంతలో పట్టపగలు వేటకొడవళ్లతో నరికారు. ముఖం మిగల్లేదు. చెవిపోగు చూసి గుర్తుపట్టాను. మర్నాడు మిట్టమధ్యాహ్నం గొడ్డలి పట్టుకుని బయల్దేరాను. కిందివీధి తలుపులన్నీ బిగించి ఉన్నాయి. మనిషి దొరకలేదు, చెట్టు దొరికింది. గొడ్డలి ఎత్తేసరికి అయ్యవారు ఎక్కణ్ణుంచి పరుగెత్తుకొచ్చారో, దాన్ని వాటేసుకున్నారు.

"జరగండి అయ్యవారూ, ఇది వాళ్ల చెట్టు!"

"నాటింది వాళ్లే. మూడేండ్లు కడవలు మోసింది మీ యమ్మప్పా!"

విన్నాను. విని కూడా వేటు వేశాను. గొడ్డలి మానులో దిగబడింది. ఆయన కుడిచేతి చివరి రెండు వేళ్లు దుమ్ములో పడ్డాయి. నెత్తురు నా మొహాన చిమ్మింది. ఆయన పంచె కొంగు చేతికి చుట్టుకుంటూ నాకేసి కాదు, చెట్టుకేసి చూశారు.

"పోలీసోళ్లకాడికి కాదు, బాయికాడికి పో. దీనికి నీళ్లు తే."

కట్టెలు కొట్టుకుంటుంటే తెగాయని ఊరికి చెప్పారు. అయ్యవారు అబద్ధమాడతారని ఎవరనుకుంటారు? "సుద్దముక్క పట్టుకునేదానికి మూడుండాయి, సాలు" అని నవ్వేవారు. నాకు చచ్చిపోవాలనిపించేది. మళ్లీ గొడ్డలి మనిషి మీదికి ఎత్తలేదు. రోజూ ఆ వేపకు ఒక కడవ పోశాను. నిజం మాత్రం చెప్పలేకపోయాను. పిరికివాణ్ణి.

మొన్న పాడెను రెండు వీధులవాళ్లూ మోశారు. సగం దారిలో దింపి, పోయినవారి చెవిలో మూడుసార్లు పిలవడం మా ఆచారం. దింపింది ఆ చెట్టు కిందే. గొడ్డలి గాటు మూసుకుపోయి పెదవుల్లా ఉబ్బి ఉంది. అయ్యవారికి పిల్లల్లేరు. ఎవరు పిలవాలని పెద్దలు చూస్తుంటే నేను వంగాను.

"అయ్యవారూ" అన్నాను. చెవిలో చెప్పాల్సింది ఊరంతా వినేలా అరిచాను. "కట్టెలు కొడతా తెగలేదు. మీ వేళ్లు నేనే నరికినా!"

ఆ చెట్టు నాటిన కిందివీధి మనిషి పాడె కొమ్ము పట్టుకుని ఉన్నాడు.

"ఇంగా రెండుసార్లుండాది. పిలువు మామా" అన్నాడు.

పిలిచాను. పాడె లేచింది. గుడ్డ కిందనుంచి జారిన మూడు వేళ్ల చెయ్యి ఊగుతూ, ఒక చెట్టు నీడలోంచి ఇంకో చెట్టు నీడలోకి పోయింది.