దసరా దాకా కదలని ఇనుము

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దాటితే పట్నం అయిపోయినట్టే లెక్క. ఇప్పుడు మెట్రో స్తంభాల కింద బస్సులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోయే ఎల్.బి.నగర్ వైపంతా అప్పట్లో ద్రాక్ష పందిళ్లు, జొన్నచేలు, బర్రెల కొట్టాలు. ఆ చోటికి ఇంకా ఆ పేరు వచ్చినట్టు కూడా నాకు గుర్తులేదు. విజయవాడ రోడ్డు మీద లారీ పోయిందంటే దాని దుమ్ము మెల్లగా వచ్చి మా వాకిట్లో ముగ్గు మీద కూర్చునేది. ఆ దుమ్ము ఏ ఊళ్లో బయలుదేరిందో, మా ముగ్గు దగ్గరే ఎందుకు ఆగిందో అని ఆలోచిస్తూ నిలబడేదాన్ని. ప్రతిదానికీ ఎందుకు అని అడగడం నాకు అప్పటి నుంచే ఉంది. అడిగి అడిగి నాయనమ్మను వంటింట్లో నుంచి దేవుడి గదిలోకి, దేవుడి గదిలో నుంచి పెరట్లోకి తరిమేదాన్ని.

మా తాతయ్య బర్రెలను మేపి పట్నానికి పాలు పోసేవాడు. ఆయనకు ఒక చిన్న ట్రాక్టరు ఉండేది, అదీ ఎవరో వాడి వదిలేసిందే. మా చేను గట్టుకు అవతల గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం ద్రాక్షతోట వేసుకుంది. ఆయనను ఊళ్లో అందరూ తోటాయన అనేవారు. ఆయన భార్యను నేను అత్తయ్యా అని పిలిచేదాన్ని.

ప్రత్యేక తెలంగాణ కావాలని మొదటిసారి ఉద్యమం లేచిన ఏడాది అది. బడులు మూతపడ్డాయి. పలక పట్టుకుని ఇంట్లో తిరుగుతున్న నన్ను చూసి అత్తయ్య తనే పిలిచి, పందిరి నీడలో చాప వేసి కూర్చోబెట్టింది. పూజ చేసుకునే ముందు దీపం వత్తి ఎలా చేస్తారో, అక్షరం కింద వత్తు ఎలా రాస్తారో రెండూ ఆమె ఒకే ఓపికతో నేర్పింది. బడి తెరిచాక కూడా మా ఇంట్లో నన్ను మళ్లీ పంపలేదు, ఆడపిల్లకు ఈ చదువు చాలన్నారు. కాబట్టి ఈ రోజు నేను ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆ చాప మీద పెట్టిన భిక్షే.

ఆ ఎండాకాలంలో ఒక ఉదయం నేను వెళ్లేసరికి అత్తయ్య ఇత్తడి చెంబులు, గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. "మేం ఊరెళ్లిపోతున్నామమ్మా. ఇక్కడ రోజులు బాగాలేవు. మీ మామయ్యకి రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు," అంది. నిన్న సగంలో ఆపిన పాఠం సంగతి అడిగితే నా తల నిమిరి మళ్లీ గిన్నెలు సర్దడంలో పడింది.

నేను ఏడుస్తూ ఇంటికి వచ్చి తాతయ్యకు చెప్పాను. ఆయన బర్రెకు కుడితి కలుపుతూ అంతా విన్నాడు. ఆయన తెలంగాణ కావాలనే మనిషి. ఊళ్లో మీటింగు పెడితే ముందు వరసలో కూర్చునేవాడు. అందుకే ఆయన ఏమంటాడో అని ఆయన ముఖం వైపే చూశాను. "తెలంగాణ రావాలె. మన కొలువులు మనకు రావాలె. అండ్ల రెండో మాట లేదు. గానీ గట్టు అవతలాయన పొయ్యి ఆర్పుకొని పోతే నాకేమొస్తది?" అన్నాడు, నాతో కాదు, బర్రెతో అన్నట్టు. తర్వాత చెయ్యి కడుక్కుని, "తోటాయన సామాను అమ్ముతుండంట. చూసొద్దాం పా," అన్నాడు.

తోటాయన ట్రాక్టరును అప్పటికే తుర్కయంజాల్ నుంచి వచ్చిన వాళ్లు కొని నడుపుకుంటూ వెళ్లిపోయారు. కొట్టంలో రెండు వస్తువులు మిగిలాయి. ఒకటి ట్రాక్టరు పక్కన తగిలించే గడ్డి కోసే మిషను. మొసలి నోరు తెరిచినట్టు పొడవాటి పట్టీకి మూడుమూలల పళ్లు ఉండేవి. రెండోది వెనక తగిలించే బ్లేడు, నేల చదును చేసేది. నిజానికి ఆ రెండూ మాకు కావలసినవే. కొడవళ్లతో కోసిన గడ్డి బర్రెలకు చాలడం లేదు. మా చేను కింది మూల వానాకాలమంతా నీళ్లు నిలిచి గడ్డి కుళ్లిపోతోంది.

మేం వెళ్లేసరికే పాత ఇనుము కొనే అతను అక్కడ కూర్చుని ఉన్నాడు. తాతయ్య అతణ్ని పలకరించి, సామాను వైపు చూడకుండా తోటలోకి నడిచాడు. గట్టు మీద ఆ మిషను కోసి వదిలిన గడ్డి మోళ్లను వంగి చూశాడు. తిరిగి వచ్చి నన్ను గుప్పెడు పచ్చగడ్డి తెమ్మన్నాడు. ఆ గడ్డిని పళ్ల మధ్య పెట్టి, పట్టీని చేత్తో ముందుకూ వెనక్కూ లాగాడు. తెగిన మొనలు నాకు చూపించాడు. కొన్ని నున్నగా తెగాయి, కొన్ని మేక నమిలినట్టు ఉన్నాయి.

"ఎందుకట్ల తాతా?"

"పళ్లు మొండివడ్డయి. నూరితే మంచిగయితది. పట్టీ వంగితేనే కష్టం, అది వంగలే."

బ్లేడు దగ్గర నాకు దారం ఒక కొస ఇచ్చి ఆ అంచున పట్టుకోమన్నాడు. ఈ అంచున తను పట్టుకున్నాడు. నా వైపు దారానికీ ఇనుముకూ మధ్య నా వేలు దూరింది. అంటే నా వైపు అంచు బాగా అరిగిపోయింది.

పాత ఇనుమాయన నవ్వాడు. "సూసినవా పటేలా, అరిగిన బ్లేడు. తూకానికి తప్ప దేనికి పనికొస్తది?"

"నీ పండ్లు గూడ అరిగినయి గదా. మరి నిన్నెవలు తూకానికేస్తలేరేంది?" అన్నాడు తాతయ్య. తోటాయన కూడా ఆ మాటకు నవ్వాడు. ఆ మనిషి నవ్వగా నేను చూసి చాలా రోజులైంది. తాతయ్య బ్లేడు కింద బోల్టులు నాకు చూపించాడు. వాటిని విప్పి అంచు ఇనుమును తలకిందులు చేసి బిగిస్తే, ఇన్నాళ్లూ పైన ఉన్న కొత్త అంచు కిందికి వస్తుందట. అరిగిపోయిందనుకున్న దానిలో అరగని సగం దాగి ఉండడం నాకు ఎంతో వింతగా అనిపించింది.

పాత ఇనుమాయన తాతయ్య దగ్గరికి జరిగి, గొంతు తగ్గించానని అనుకుంటూ అన్నాడు. "జర ఆగు పటేలా. పోయెటోళ్లు ఎట్లైన పోతరు. రేపు ఊకెనే పారేసి పోతరు."

గడపలో నిలబడిన అత్తయ్య తల దించుకుంది. తాతయ్య తోటాయన వైపు తిరిగి బేరం మొదలుపెట్టాడు. నేను అనుకున్నట్టు మెత్తగా మాట్లాడలేదు. పళ్లు మొండివన్నాడు, అంచు అరిగిందన్నాడు, తుప్పు అన్నాడు. తోటాయన కూడా పౌరుషంగా, "అన్నగారూ, వానలో ఒక్క రోజు తడవనివ్వలేదు, వంక పెట్టకండి," అన్నాడు. ఇద్దరూ సంతలో కలిసిన రైతుల్లా గట్టిగా వాదించుకున్నారు. కష్టంలో ఉన్న మనిషితో ఇంత గీచి బేరమా అని అప్పుడు నాకు నచ్చలేదు. పోయే మనిషితో కాకుండా ఉండే మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడని చాలా ఏళ్లకు గాని తెలియలేదు. చివరికి ఇద్దరికీ నచ్చిన ధర కుదిరింది. తాతయ్య అక్కడికక్కడే ఇచ్చేశాడు. పాత ఇనుమాయన తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు తాతయ్య అత్తయ్యను అడిగాడు. "చెల్లే, జర పసుపు కుంకుమ తే. మీ ఇంట్లదే కావాలె." నన్ను పంపి నాయనమ్మను, పక్కిళ్ల ఆడవాళ్లను పిలిపించాడు. ఇనుప పట్టీకీ బ్లేడుకూ అత్తయ్య చేతనే పసుపు రాయించి బొట్లు పెట్టించాడు. నిమ్మకాయ కోశాడు, కొబ్బరికాయ కొట్టాడు, హారతి ఇచ్చాడు. ఊరంతా చూసింది. ఇక ట్రాక్టరు తెచ్చి తగిలించుకుని పోవడమే అనుకున్నాం. తాతయ్య మాత్రం చేతులు జోడించి, "ఇగ ఇది దసరా దాకా ఈ జాగల నుంచి కదలొద్దు. మా ఇంట్ల గట్లనే చేస్తం," అన్నాడు.

తోటాయన బిత్తరపోయాడు. "అదేంటి అన్నగారూ? మేం వెళ్లిపోతుంటే దీన్ని ఎవరికి అప్పజెప్పమంటారు?"

"నీకే తమ్మీ. నా సామాను నీ కొట్టంల ఉన్నది. నువ్వే చూస్కోవాలె."

తోటాయన ఆ బొట్ల వైపు చూశాడు. ఇంకొకరి వస్తువు తన ఇంట్లో ఉండగా తలుపు వేసుకుని వెళ్లిపోయే మనిషి కాదాయన. "ఆచారం అంటున్నారు కాబట్టి... దసరా దాకా చూస్తాను లెండి," అన్నాడు. మర్నాడు నేను వెళ్లేసరికి గోనెసంచి మూతి విప్పి ఉంది. చెంబులు మళ్లీ అలమరలోకి ఎక్కాయి. చాప నేల మీద పరిచి ఉంది.

నాకు సంతోషం ఎంతో, అనుమానం అంత. నాయనమ్మకు తెలియని ఆచారం లేదు, ఏ వారం ఏ దేవుడికి ఏ పువ్వో ఆమె నిద్రలో లేపినా చెప్పేది. ఆమెనే అడిగాను. "ట్రాక్టరు తెచ్చినప్పుడు గట్ల చెయ్యలే గద నాయనమ్మా? మరి గిది ఎప్పటి ఆచారం?"

"నువ్వు పుట్టకముందు సంగతి. నీకేమెరుక?" అని పొయ్యి వైపు తిరిగి కూర్చుంది. ఆమె భుజాలు కదలడం చూసి పొగకు దగ్గుతోందనుకున్నాను.

వానలు పడ్డాక గడ్డి నడుం ఎత్తు పెరిగింది. తాతయ్య ట్రాక్టరు తీసుకుని తోటాయన కొట్టానికి వెళ్లి మిషను తగిలించాడు. కదలొద్దన్నావు కదా అని నేను పట్టుకున్నాను. "పనికి కదలొచ్చు. ఇల్లు మారొద్దు," అన్నాడు గంభీరంగా. ఆ మెలికను నేను చాలా రోజులు మనసులో తిప్పి తిప్పి చూసుకున్నాను. పళ్లను తోటాయనే నూరిపెట్టేవాడు, చమురు వేసేవాడు. కోత అయ్యాక మిషను మళ్లీ ఆ కొట్టానికే చేరేది. దాని కోసం తాతయ్య రోజూ గట్టు దాటేవాడు, గట్టు దాటినవాడు టీ తాగకుండా తిరిగి వచ్చేవాడు కాదు. బ్లేడు మా చేను కింది మూలను చదును చేసింది, తర్వాత తోటలో వానకు కోసుకుపోయిన దారిని కూడా చదును చేసింది.

అంతకుముందు, వానలు ఇంకా పడకముందు ఒక మధ్యాహ్నం నేను చాప మీద రాసుకుంటుండగా రోడ్డు మీద పోతున్న ఊరేగింపులోంచి కొందరు కుర్రవాళ్లు నినాదాలు ఇస్తూ తోట గేటు తోసుకుని వచ్చారు. తోటాయన ఇంట్లో లేడు. అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ముందున్న అబ్బాయి కొట్టంలో బ్లేడు మీద కాలు పెట్టి నిలబడి, "ఇండ్ల ఎవలున్నరు?" అని కేక వేశాడు. అంతలో కింద పసుపు, కుంకుమ, ఎండిన నిమ్మచెక్క కనిపించాయి. చటుక్కున కాలు తీసేశాడు. వంగి బ్లేడును తాకి, ఆ చెయ్యి కళ్లకు అద్దుకున్నాడు.

"గిది ఎవలది?" అని నన్ను అడిగాడు, ఈసారి మెల్లగా.

"మా తాతది. పూజ చేసినం. దసరా దాకా కదలొద్దు."

"పటేల్ తాతదా? మరి ఈడెందుకున్నది?"

"మా ఆచారం గదే."

వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అత్తయ్య నా చెయ్యి వదిలి లోపలికి వెళ్లి బిందెడు నీళ్లు, చెంబు తెచ్చి అరుగు మీద పెట్టింది. ఎండన పడి వచ్చిన పిల్లలు, అందరూ తాగారు. ఆ అబ్బాయి చెంబు బోర్లించి, "పోయొస్తం అక్కా," అన్నాడు. గేటు దగ్గరగా వేసి మరీ పోయారు. అత్తయ్య బ్లేడు పక్కనే కూలబడి, దాని మీద చెయ్యి వేసి ఏడ్చింది. నేను ఎందుకు అని అడగని సందర్భం అదొక్కటేనేమో.

దసరా వచ్చింది. బతుకమ్మకు అత్తయ్య కూడా పువ్వులు పేర్చి మా ఆడవాళ్లతో చప్పట్లు కొట్టి ఆడింది. పండగనాడు ఉదయం తాతయ్య ట్రాక్టరు కడిగి గట్టు దాటాడు. వెనక నేనూ పరుగెత్తాను. గడువు తీరింది, ఇక ఏ ఆచారం చెబుతాడో చూడాలని నా ఆత్రం. కొట్టంలో పట్టీకీ బ్లేడుకూ అప్పటికే పచ్చగా కొత్త పసుపు, ఎర్రటి బొట్లు, బంతిపూల దండలు ఉన్నాయి. తోటాయన తలస్నానం చేసి, కొట్టిన కొబ్బరికాయ చెక్కలు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నగారూ, ఏమీ అనుకోకండి. మా ఇంట్లోనూ ఒక ఆచారం ఉంది. మేం పూజ చేసిన ఇనుము మళ్లీ దసరా దాకా గడప దాటకూడదు."

తాతయ్య ట్రాక్టరు ఆపి దిగాడు. దాని చక్రానికి ఆనుకుని నవ్వాడు. తోటాయన నవ్వాడు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఇంటికి పరుగెత్తి నాయనమ్మను నిలదీశాను. ఆ రోజు ఆమె ముఖం తిప్పుకోలేదు. "ఏ ఆచారమైనా ఎవలో ఒకలు మొదలువెట్టిందే గద బిడ్డా," అంది.

ఆ కుటుంబం మళ్లీ మూట కట్టలేదు. తర్వాత తోట పోయి కాలనీ వచ్చింది, మా చేనూ అంతే. రోజూ దీపం పెట్టేటప్పుడు, దేవుడి తర్వాత నేను దండం పెట్టుకునేది ఆ ఇద్దరు మగవాళ్లకూ ఆ ఇద్దరు ఆడవాళ్లకూ.

మొన్న మా వీధిలో ఇల్లు ఖాళీ చేసి పోతున్న ఒకావిడ దగ్గర పాత కుట్టుమిషను కొన్నాను. తొందరలో ఉన్న మనిషి, ఎంతకైనా ఇచ్చేసేలా ఉంది. నేను వంకలు పెట్టి మర్యాదగా బేరం చేసి, ఆమె ఇంట్లోని పసుపు కుంకుమే అడిగి మిషనుకు పెట్టాను. ఇది శుక్రవారం దాకా మీ ఇంట్లోనే ఉండాలమ్మా, మా ఆచారం అన్నాను. నా మిషను ఎలా ఉందో చూసిపోదామని మధ్యలో రెండుసార్లు వెళ్లాను. రెండోసారి ఆమె టీ ఇచ్చి, ఎందుకు వెళ్లిపోవలసి వస్తోందో చెప్పుకుంది.

వెంట వచ్చిన నా మనవరాలు మెట్లు దిగుతూ అడిగింది. "మన ఇంట్లో ఫ్రిజ్ కొన్నప్పుడు ఇట్ల చెయ్యలేదు కదా అమ్మమ్మా? ఈ ఆచారం ఎప్పటిది?"

"నువ్వు పుట్టకముందు సంగతి," అని, నవ్వు కనపడకుండా ముఖం పక్కకు తిప్పుకున్నాను.