తల్లి చదువు అనే గడి

వేడి జెరాక్సు కాగితం వాసన నాకు పడదు. మొన్న రాబర్ట్‌సన్‌పేటలో పాత సర్టిఫికెట్లు కాపీ తీయిద్దామని వెళ్లాను. మిషన్లోంచి వెచ్చటి కాగితం జారి చేతిలోకి వచ్చింది. అది పద్దెనిమిదేళ్ల వయసులో నేను నింపిన దరఖాస్తు. అడుగున వనజాక్షి మేడం సంతకం. కె.జి.ఎఫ్. బంగారు గనుల ఊళ్లో నేను చదివిన పి.యు. కాలేజీ, అంటే ఇంటర్ కాలేజీ, ఆఫీసులో ఆమె గుమాస్తా. నాకు పాఠం ఒక్కటీ చెప్పలేదు గానీ బుద్ధి చెప్పింది మాత్రం ఆమే.

మాది ఆంధ్రాలో వి.కోట దగ్గరి పల్లె. నా ఏడో తరగతి ముగిశాక నాన్న బేతమంగళ దగ్గర మల్బరీ తోట కౌలుకు తీసుకుంటే అందరం సరిహద్దు దాటి ఇటు కర్ణాటకకు వచ్చేశాం. ఇంజనీరింగులో ప్రభుత్వ సీటు కావాలంటే కర్ణాటకలో ఏడేళ్లు చదివి ఉండాలట. ఎనిమిది నుంచి పి.యు.సి. దాకా లెక్కేస్తే నావి ఐదే. మంచి ర్యాంకు వచ్చింది, రెండేళ్లు తక్కువ. ఆ సీటు దొరక్కపోతే నా చదువు అక్కడితో సరి.

దరఖాస్తు పట్టుకుని ఆఫీసుకు వెళ్లి, "ఆరో క్లాసు నుంచి ఈడే చదివినానని రాసేయండి మేడం, ఎవరు చూస్తారు?" అన్నాను.

"చదివినన్నాళ్లే రాస్తానమ్మా. లేని రెండేండ్లు యాడనుంచి తెచ్చేది?"

"మీ కూతురైతే రాసుండరా?"

ఆఫీసంతా తలెత్తి చూసింది. ఆ పొగరు తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. మేడం కళ్లజోడు సర్దుకుని, "రాయను. ఇంగ చెప్పు, మీ అమ్మ యాడ చదివినాది?" అంది.

"మా అమ్మకు చదువు రాదు."

"అడిగినావా?"

అడగడమెందుకు? అమ్మ చదవడం నేనెప్పుడూ చూడలేదు. నా మార్కుల కార్డు మీద సంతకం నాన్నదే. బస్సు బోర్డు నేనే చదివి చెప్పేదాన్ని. పదిమందిలో ఉంటే కాస్త గట్టిగా కూడా చదివేదాన్ని. రేపు అమ్మను తోడుకోని రమ్మంది మేడం. నేను నాన్నను తీసుకెళ్లాను. ఆకు కోసి కోసి నల్లబడిన అమ్మ చేతులు, చీరకు పట్టిన పట్టుపురుగుల వాసన నా స్నేహితుల కళ్లబడటం నాకిష్టం లేదు. అమ్మకు ఇంటి దగ్గర పనుందని మేడంకు అబద్ధం చెప్పాను.

ఆదివారం మేడమే బస్సెక్కి మా ఇంటికి వచ్చేసింది. అమ్మ పురుగుల తట్టల మధ్య కూర్చుని ఆకు తరుగుతోంది.

"ఏమమ్మా, చిన్నప్పుడు ఇస్కూలుకు పోయినావా?"

"పోయినాను మేడం. మా పుట్టిల్లు నంగలి కదా, ఆడే. ఒకటి నుంచి ఏడు దాకా, కన్నడంలో."

నేనెప్పుడూ అడగని సంగతి. నంగలి సరిహద్దుకు ఇటు, కర్ణాటక వైపు ఊరే. ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో ఆమె నేర్చింది కన్నడ అక్షరాలే. పెళ్లయి సరిహద్దు దాటాక మా పల్లెలో బోర్డులు, రేషన్ కార్డు అన్నీ తెలుగు లిపిలోనే. ఆమె చదువు అక్కడ దేనికీ పనికిరాలేదు. నా కళ్లకు ఆమె చదువురానిదైపోయింది.

మేడం దరఖాస్తు తీసి అమ్మ చేతికిచ్చింది. అమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుని, వరుస కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ కన్నడం చదవసాగింది. నా పేరు చదివింది. నాన్న పేరు చదివింది. తల్లి చదువు అనే గడి దగ్గరికొచ్చింది. కొత్తగా నేర్చిన కన్నడంలో నేను గుండ్రంగా రాసిన మాటను పైకే చదివింది: "అనక్షరస్థె." అక్షరాలు రానిది అని. వేలు అక్కడ క్షణం ఆగి కింది వరుసకు జరిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"కొత్త ఫారం ఇవ్వండి మేడం, మళ్లీ రాస్తాను" అన్నాను.

"ఫారం ఉండాది గానీ ఇయ్యను. మీ అమ్మే కొట్టేసి రాయనీ."

అమ్మ అడ్డంగా గీత గీసి, పక్కన "ఏడో తరగతి" అని కన్నడంలో రాసింది. తల్లిదండ్రుల్లో ఒకరు ఇక్కడ ఏడేళ్లు చదివి, పిల్లలు పి.యు.సి. ఇక్కడ పాసైనా చాలనే దారి కూడా ఆ నిబంధనల్లోనే ఉందని మేడం అప్పుడు చెప్పింది.

"బోర్డులన్నీ నేను చదివి చెప్తా ఉంటే, వచ్చునని చెప్పలేదేమమ్మా?" అనడిగాను.

"నువ్వు చదువుతా ఉంటే వినేదానికి బాగుండె" అంది అమ్మ, ఆకు తరుగుతూనే.

మర్నాడు మేడం సెలవు పెట్టి అమ్మను నంగలి బడికి తీసుకెళ్లింది. నేను వెళ్లలేదు. వెళితే బస్సులో అమ్మ పక్కన ఏ ముఖం పెట్టుకుని కూర్చోవాలి? పాత రిజిస్టరులో అమ్మ పేరు దొరికింది, సర్టిఫికెట్టు వచ్చింది, సీటూ వచ్చింది. మేడం ఆ దరఖాస్తు మీద సంతకం చేసి, కాపీ తీయించి, వెచ్చగా ఉండగానే నా చేతిలో పెట్టింది.

"పారేయొద్దు. దాచుకో."

ఇప్పుడు నేనూ ఒక కాలేజీలో లెక్చరర్ని. అడ్మిషన్లప్పుడు ఆ గడి ఖాళీగా వదిలిన పిల్లలను "అమ్మను అడిగినావా?" అని తిప్పి పంపుతాను. చాదస్తమని నా వెనక నవ్వుకుంటారు, నవ్వనీ. మేడం పోయి చాలా ఏళ్లయింది. ఆఫీసులో అన్న మాటకు ఆమెను క్షమాపణ అడగనే లేదు. అమ్మ దగ్గర ఆ గడి ప్రస్తావన ఈనాటికీ తేలేదు. ధైర్యం చాలదు.

మొన్న జెరాక్సు షాపతను కాగితాన్ని వెలుతురులో పట్టి చూశాడు. "మేడం, ఈడ కొట్టేసిన మాట కూడా బాగా కనిపిస్తా ఉండాది. కనపడకుండా తీద్దునా?"

"వద్దప్పా," అన్నాను. "ఎట్లుండాదో అట్లే తియ్యి."