ఒర్లియంపేటలో విక్టర్ సంతకం

నెల్లూరులో తెల్లవారుజామున ఐదుంబావుకి రైలెక్కాను. సంచిలో రెండు జతల బట్టలు, పులిహోర పొట్లం, తెలుగులో అచ్చేయించిన మూడు వందల కరపత్రాలు, సంతకాలకు ఆరు ఠావులు. ఎనభయ్యో దశకం మొదలది. దక్షిణాఫ్రికా ప్రభుత్వం తరిమేస్తే పదకొండేళ్లుగా లండన్‌లో తలదాచుకుంటున్న విక్టర్ అనే ఉద్యమకారుడు, విచారణ లేకుండా జైల్లో పెట్టిన తన అక్క విడుదల కోసం దేశదేశాలూ తిరిగి సంతకాలు సేకరిస్తున్నాడు. ఆయన్ని పాండిచ్చేరి తీసుకెళ్లే పని మా సంఘీభావ సంఘం నాకప్పగించింది. వారం తిరక్కుండా ఆ ఠావులు ఢిల్లీ సభకు చేరాలి.

తొమ్మిదింటికి మద్రాసు సెంట్రల్లో విక్టర్ కలిశాడు. ఆరడుగుల మనిషి. పులిహోరంతా తనే తినేసి, ఇంకా ఉందా అన్నట్టు సంచి వైపు చూశాడు. మద్రాసులోనే ప్యారీస్ కార్నర్ దగ్గర పది గంటల బస్సు పట్టుకున్నాం. పొద్దుటి బస్సైతే కుడివైపు కూర్చోండి, ఎండ తగలదు. దిండివనంలో కాఫీ బాగుంది.

రెండింటికి పాండిచ్చేరిలో దిగితే బజారంతా మూసి ఉంది. "బందా?" అన్నాను కంగారుగా. మాకు ఆతిథ్యమిస్తున్న బట్టల వ్యాపారి ఆర్. గోవిందరాజులు ఎదురొచ్చి నవ్వాడు.

"బందేంది అన్నా! ఒంటిగంటకి అంగళ్లు కట్టేసి అందరూ నిద్రపోతారు. నాలుక్కి తెరుస్తారు."

అసలు తెలివితక్కువ పనులు నేనప్పటికే చేసి ఉన్నాను. "ఇక్కడ మావాళ్లంతా తెలుగువాళ్లే" అని గోవిందరాజులు రాస్తే సంబరపడి కరపత్రాలు తెలుగులో వేయించాను. ఆ ఉత్తరం ఇంగ్లీషులో ఎందుకుందో ఆలోచించలేదు. పాండిచ్చేరిలో మా సభేమో సాయంత్రం ఆరింటికి పెట్టించాను. బజారు కిటకిటలాడే వేళ అంగడి వదిలి ఎవరొస్తారు? సత్రం హాల్లో మేం ముగ్గురం, గోవిందరాజులు తల్లి, ఇద్దరు ముసలివాళ్లు. వాళ్లు కరపత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మడిచి పెట్టుకున్నారు.

"మాట్లాడేది తెలుగే అన్నా, చదివేది తమిళం," అన్నాడు గోవిందరాజులు.

సిగ్గుతో చచ్చిపోయాను. విక్టర్ ఖాళీ కుర్చీలు లెక్కపెడుతున్నాడు.

"ఏంది రాసుండావో నువ్వే చదువు నాయనా, వింటాం," అంది పెద్దమ్మ, గోవిందరాజులు తల్లి. చదివాను. ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది. "రేపు ఒంటిగంటకి నాతో రాండి. అందరూ ఇండ్లకాడే ఉంటారు గదా!"

మర్నాడు ఆమె ముందు, మేం వెనక. వాళ్లుండే ఒర్లియంపేటలో సాంబారన్నం తిని చాపలు పరుచుకుంటున్న ఇళ్లన్నిటి తలుపులూ తట్టింది.

"పండుకోవద్దు! ఈయన అక్కని జైల్లో పెట్టుండారు. విని, చేవ్రాలు పెట్టి, తర్వాత పండుకో!"

నేను చదవడం, వాళ్లు తమిళంలో సంతకం పెట్టడం. ఫ్రెంచివాళ్ల కాలంలో గుమాస్తాగా చేసిన ఓ పెద్దాయన దర్జాగా ఫ్రెంచిలో పెట్టాడు. ప్రతి ఇంట్లోనూ మజ్జిగ ఇచ్చారు. తొమ్మిదో లోటా దగ్గర విక్టర్ చేతులెత్తేశాడు. మూడున్నరకి ఠావుల వెనకవైపులు కూడా దాదాపు నిండాయి. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

చివరింటి అరుగు మీద పెద్దమ్మ కలం విక్టర్ చేతికిచ్చింది. "నువ్వు పెట్టలేదే?"

ఆమె మాట ఇంగ్లీషులో చెప్పాను. ఆయన తల వంచుకున్నాడు. ప్రతి సంతకం పక్కనా సొంత చిరునామా రాయాలి. మిత్రుల ఇళ్లల్లో నెలకో గదిలో ఉండే ఆయనకు అది లేదు. వేలమంది చేత పెట్టించాడు గాని, సొంత అక్క కోసం తను ఒక్కసారీ పెట్టలేదట.

"ఏంది, ఇల్లు లేదా? మా ఇంటి నంబరు రాయమను. జాబు వస్తే నా కొడుకు ఎత్తిపెడతాడు."

విక్టర్ రాశాడు. రాసి, ఆమె కాళ్లకు దండం పెట్టబోతే ఆమె కంగారుపడిపోయింది.

నాలుగున్నర బస్సుకి తిరుగుప్రయాణం కట్టాం. పాండిచ్చేరి వెళ్లేవాళ్లకి నేను చెప్పేదొకటే: సరుకులు కావాలంటే ఒంటిగంటలోపు వెళ్లండి, మనుషులు కావాలంటే ఒంటిగంట దాటాక.

బస్సు కదిలాక ముందు సీట్లోని తెలుగావిడ వెనక్కి తిరిగి, విక్టర్‌ని ఎగాదిగా చూసి, "ఈయనది ఏ ఊరు?" అని నన్నడిగింది. ప్రతి ఇంట్లోనూ అడిగిన ఆ మాట ఆయనకు అర్థమైపోయింది. నేను నోరు తెరిచేలోపే "ఒర్లియంపేట" అన్నాడు.

"ఒర్లియంపేటలో యాడ?" అందామె, నమ్మకుండా.

నేను అర్థం చెప్పాను. విక్టర్ కాగితాల కట్ట విప్పి, తన సంతకం పక్కనున్న ఇంటి నంబరు, వీధి పేరు వరసగా గట్టిగా చదివాడు. ఆమె తలాడించింది.

"మా ఇంటికి రెండు వీధులవతల," అంది.