బండి కింద పరిచిన గోనె

మేస్త్రి పోయారన్న కబురు మా తమ్ముడు ఫోన్‌లో పెట్టిన ఫోటో చూస్తే తెలిసింది. ఫోటోలో తమ్ముడు, వాడి పక్కన నాన్న వదిలివెళ్ళిన పాత అంబాసిడర్, అంచున మేస్త్రి భుజం సగం. కింద సంతాపం రాసినవాళ్ళలో చాలామంది కారు బాగుందన్నారు.

నెల్లిమర్ల రోడ్డులో ఆయనది కార్లు బాగుచేసే రేకుల షెడ్డు. గోనెసంచి విప్పి పరుచుకుని బండి కిందికి దూరేవారు. "మంచం మీదకన్నా దీని మీదే ఎక్కువ తొంగున్నానమ్మా" అనేవారు.

తమ్ముడు ఆ కారుకి ఏడాదిపాటు రంగులు వేయించాడు, అద్దాలు మార్పించాడు. అడుగున ఏముందో చూడలేదు. మలుపు తిరిగితే చాలు, బండి ఒరిగిపోయి అమ్మ నా మీద పడేది. ఆ కారులోనే సాలూరు ఘాటీ కొండదారి ఎక్కి, కొరాపుట్‌లో ఉన్న పిన్నిని చూడాలని అమ్మ కోరిక. అలా ఒరగకుండా ముందు చక్రాలు రెంటినీ కలిపి అడ్డంగా బిగించే స్టెబిలైజర్ రాడ్డొకటి తమ్ముడు కొని తెచ్చాడు. సాయంత్రానికి బిగించెయ్యమన్నాడు.

మేస్త్రి బండి కిందికి దూరి స్క్రూడ్రైవర్‌తో పొడిచారు. తుప్పు పట్టిన రేకులోకి అది పిడిదాకా దిగింది.

"రాడ్డుకేటి బాబూ, బంగారంలాగున్నాది. దాన్ని పట్టుకునీ రేకే నేదు. దీనికి బిగిస్తే మొదటి మలుపుకే పీక్కొచ్చేస్తాది. కోసేసి, మందం ప్లేట్లేసి ఎల్డింగు సెయ్యాల. నాలుగురోజులు."

"పని పెంచుతన్నావు మేస్త్రీ. అడుగునున్నది ఎవడు సూస్తాడు?"

"రోడ్డు సూస్తాది."

ఇంకోచోట చేయించుకుంటానని తమ్ముడు తాళం అడిగాడు. అది నా చేతిలోని పూలసజ్జలో ఉంది. నేనివ్వలేదు. "అమ్మ ఎక్కదు" అన్నాను.

"బళ్ళ సంగతి నీకేటి తెల్సక్కా?"

"నాకేటీ తెల్దు. నీకూ తెల్దు."

అయిదోరోజున మేస్త్రి జాకీ దించి, అమ్మనీ నన్నూ వెనకసీట్లో కూర్చోబెట్టారు. బండి గాలిలో ఉండగా బిగిస్తే లోపలి రబ్బర్లు మెలిపడి చిరిగిపోతాయట. నేల మీద నిలబెట్టి, బరువు దిగాకే ఆఖరి బిగింపు.

"నానూ ఎక్కనా?" అన్నాడు తమ్ముడు.

"వద్దు బాబూ. బరువున్నోలే కావాల."

అమ్మ చాన్నాళ్ళకి నవ్వింది. నేను సహస్రనామం అందుకున్నాను. కాసేపటికి ఊపిరి కోసం ఆగితే అడుగునుంచి గొంతు వచ్చింది. "ఆపకండమ్మా. ఆ లెక్కనే పానా తిప్పుతన్నాను."

ఘాటీలో ఒక మలుపు దగ్గర లారీ మా వైపుకి వచ్చేసింది. తమ్ముడు స్టీరింగు ఒక్కసారిగా తిప్పేశాడు. పక్కన లోయ. కారు కొంచెం ఒరిగి, ఆగి, నిలదొక్కుకుంది. అమ్మ నా మీద పడలేదు. కొరాపుట్‌లో దిగుతూనే వాడు "నా డ్రైవింగు సూసుంటే తెల్సును పిన్నీ" అన్నాడు. ఇప్పటికీ అందరితో అదే చెబుతాడు. నాకు కోపం రాలేదు. కోపం రావడానికి అవతల కాస్త మనిషైనా ఉండాలి.

మేస్త్రికి ఈ మాట చెబితే, "పోన్లెండమ్మా, ఒరగనేదు కదా" అన్నారు.

మొన్న పరామర్శకి వెళ్ళాం. తమ్ముడు కారు కడిగించి తెచ్చాడు. షెడ్డు ముందు నిలబెట్టి ఫోటో తీయించుకున్నాడు. నేల మీదున్న గోనె ఫోటోలో పడుతుందని బూటుతో పక్కకి నెట్టాడు.

"ఒక్కసారి ఒంగి, ఆయన చేసిన పని సూడరా" అన్నాను.

"పేంటు మాసిపోతాదక్కా."

మేస్త్రి భార్యని అడిగి ఆ గోనె తెచ్చుకున్నాను. ఉతకలేదు. మా ఇంట్లో కారు నిలిపేచోట, ముందుచక్రాల మధ్య పరిచాను. తమ్ముడు షికారుకి కారు తీసుకుపోయినప్పుడల్లా అక్కడ అదొక్కటే మిగులుతుంది. దాని మీద నల్లటి నూనెతో పడిన అచ్చు, ఒక తల, రెండు భుజాలు, వెల్లకిలా.