సగంలో ఆగిన కథ

అమెరికాలో టొలీడో ఊళ్లో మేం క్షవరాలు చేసే సెలూన్‌లో కిటికీ పక్క కుర్చీ లెమ్యూల్ పెట్‌వే అనే అతనిది, దాని పక్కది నాది. లెమ్‌కి కత్తెర ఆగినా నోరు ఆగదు. మొదలుపెట్టిన కథ సగంలో వదలడం అతని వల్ల కాదు.

పక్కనున్న బట్టల షాపు తగలబడినప్పుడు, నిప్పు పెట్టింది లెమ్ అన్న అనుమానంతో డిటెక్టివ్ క్విన్‌లన్ అతన్ని స్టేషన్ గదిలో కూర్చోబెట్టి తాళం వేశాడు. కాఫీ ఇచ్చి కబుర్లు చెప్పించాడు. మాట్లాడకుండా ఉండే హక్కుందనీ, లాయరును అడగొచ్చనీ మాత్రం చెప్పలేదు. అందుకే ఆ మాటలేవీ చెల్లవని జడ్జి పక్కన పెట్టేశాడు. అవి పోయాక కేసులో ఇంకేమీ మిగల్లేదు. లెమ్‌ను వదిలేశారు.

నిన్న ఆ దిక్కుమాలిన క్విన్‌లన్ గడ్డం గీయించుకోవడానికి వచ్చి, లెమ్ కుర్చీలోనే కూర్చున్నాడు.

"ఏం లెమ్, మూగనోము పట్టావా?" అన్నాడు నురగలోంచి నవ్వుతూ.

"మా లాయరమ్మ నోరు మూసుకోమంది సార్."

"ఇక్కడేమన్నా తాళాలున్నాయా, బేడీలున్నాయా? ఆ రోజు పెట్రోలు డబ్బా దాకా వచ్చి ఆగిపోయావు. తర్వాతేమైంది?"

నాకు ఒళ్లు మండిపోయింది. లాయరమ్మ నాకూ చెప్పింది: గదిలో బంధించి అడిగితేనే పోలీసు ముందుగా హక్కులు చెప్పాలి. సెలూన్ కుర్చీలో అడిగితే అక్కర్లేదు, ఇక్కడన్న మాట కోర్టులో చెల్లుతుంది, దాంతో ఆ కేసు మళ్లీ పెట్టొచ్చు.

"లెమ్, నోరు ముయ్యరా!" అని అరిచి రేడియో సౌండు పెంచాను.

లెమ్ గడ్డం గీసే కత్తిని పక్కన పెట్టి, నా దాకా వచ్చి రేడియో ఆపేశాడు.

"నువ్వుండన్నా, అసలు కథ అక్కడే ఉంది."