నూక చేటలో పడిన నా మాట

నా చేతిరాత కోడి గీకినట్టుంటుంది. ఒత్తులు సరిగ్గా పడవు. ఐదో తరగతితో ఆపేసినవాణ్ని. హైస్కూలు పాత విద్యార్థులంతా కలిసి లైబ్రరీ మేడమ్ గురించి చిన్న పుస్తకం వేస్తున్నారని, నన్నూ రాయమని మా మనవరాలు పట్టుపట్టింది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మేడమ్ పోయిన కబురు నాకు కోటబొమ్మాళి సంతలో తెలిసింది. వంకాయలు ఏరుతుంటే టెక్కలి కాలేజీ నుంచి మనవరాలు ఫోన్ చేసింది. "తాతా, మేడమ్ పోయేరు. పొద్దున్న గుండె ఆగిపోనాదంట" అని ఏడ్చింది. వంకాయ పట్టుకుని అలాగే నిలబడ్డాను. దాచకుండా రాస్తున్నాను, నాకు ముందు దుఃఖం రాలేదు. నేను పోతే ఈ గుంట ఇంతలా ఏడుస్తాదా అనిపించింది.

ఆవిడ రాకముందు ఆ గుంటకి అన్నీ నేనే. దాని అమ్మా నాన్నా పొద్దున్నే పలాస జీడి ఫ్యాక్టరీకి పోయేవారు. నాకు మాటలు తక్కువ, నలుగురిలో నోరు తెరవను. కాని అచ్చులో ఉన్నది చేతికిస్తే నా గొంతు వేరు. ఆదివారం మందిరంలో బైబిలు వాక్యం చదివేది నేనే. సాయంత్రం అరుగు మీద పేపరు చదువుతుంటే మనవరాలు నా మోకాలికి ఆనుకుని వినేది. తాత చదివాడంటే అది నిజమే దానికి.

ఆరో తరగతికి హైస్కూలుకి వెళ్ళింది. అక్కణ్నుంచి అన్నం ముందు కూర్చున్నా మేడమ్ మాటే. "మేడమ్ బుగ్గ మీద సిరా మరక, తాతా. సెప్తే తుడుసుకోదు, ఉండనీ అంటాది." నాకు ఆ మరక మీద కూడా కోపమే.

మేడమ్ వాళ్ళమ్మ పలాసలో జీడిపప్పు ఏరే కూలీ అట. అందుకే ఆవిడ లైబ్రరీ బల్ల మీద మూడు చేటలు పెట్టింది, విరగని గుండు పప్పుకొకటి, రెండుగా చీలిన బద్దకొకటి, ముక్కలైన నూకకొకటి అన్నట్టు. పిల్లలు బయట విన్నదీ ఫోన్లో చూసినదీ చీటీ మీద రాసి తేవాలి. కళ్ళతో చూసినవాడు దొరికితే గుండు చేట. సగం తెలిసి సగం తెలియకపోతే బద్ద చేట. చెప్పినవాడి అయిపూ జాడా లేకపోతే నూక చేట. పుస్తకం ఇచ్చినా అంతే. కథ అప్పజెప్పమనేది కాదు. "ఇది ఎవరు చెప్తున్నారు? వాళ్ళకెలా తెలిసింది?" అని అడిగేది.

మనవరాలు ఎనిమిదిలో ఉండగా నా ఫోన్లో ఒక కబురు వచ్చింది. ఫలానా వేరు పొడి నలభై రోజులు తాగితే డయాలసిస్ అక్కర్లేదని. అప్పటికే మా ఇంటిది వారానికి రెండుసార్లు దానికోసమే పలాస ఆటోలో పోయి వచ్చి, పీనుగలా పడుకునేది. మా ఉద్దానంలో ఈ కిడ్నీ బాధ తెలియని గడప లేదు. నేను ఆ కబురు వాక్యం చదివినట్టే చదివాను. మా ఇంటిది కళ్ళు తుడుచుకుని, "నువ్వు సదివినావంటే అబద్ధం కాదు. సోమారం ఆటోవోణ్ని రావద్దని సెప్పీ" అంది.

మనవరాలు ఆ కబురు చీటీ మీద ఎక్కించుకుని బడికి పోయింది. సాయంత్రం వచ్చి గుమ్మంలోనే అంది, "తాతా, నీది నూక చేటలో పడింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు బడికి పోయాను. పోయానే గాని లైబ్రరీ గుమ్మం దాటలేదు. మేడమే స్టూలు వేసింది.

"తాతగారూ, ఇది మీకు పంపినోరెవరు?"

"మా బావ."

"ఫోన్ చేసి అడుగుదామా, ఆయనకి ఎవరు పంపేరో?"

చేశాను. అవతల మా బావ, "నాకేటి తెల్సు బావా, మా వియ్యంకుడు పెట్టేడు" అన్నాడు. వియ్యంకుణ్ని అడిగితే, "ఏదో గ్రూపులోది అన్నయ్యా. తాగి బాగుపడినోణ్ని నాను సూణ్ణేదు. ఏటి, వొదినకి పట్టించీసేవేటి?" అని నవ్వాడు.

ఫోన్ కట్టేశాను. మేడమ్ నవ్వలేదు. "మీ గొంతు మంచిదని మీ మనవరాలు రోజూ చెప్తాది. అందుకే నాకు భయం. మంచి గొంతుతో చదివితే అబద్ధం కూడా కాళ్ళొచ్చి నడుస్తాది" అంది. వచ్చేటప్పుడు, "గురువారం గురువారం వచ్చి పిల్లలకి చదివి పెట్టండి" అంది. "సూద్దాం లెండి" అన్నాను.

ఇంటికొచ్చి మా ఇంటిదానికి చెప్పాను, నేను చదివింది తప్పని. అంత కష్టమైన మాట నేనెప్పుడూ చదవలేదు. సోమవారం ఆవిడ ఆటో ఎక్కింది. ఇంకో రెండు క్రిస్మస్‌లు చూసి పోయింది.

ఆ రెండేళ్ళూ మనవరాలు ఊరంతా ఒకటే చెప్పుకుంది, మేడమే మామ్మని నిలబెట్టిందని. నిజమే. నిజం కాబట్టే నాకు మరీ మంట. ఏ గురువారమూ పోలేదు. ఆవిడ పక్కన కూర్చుంటే మనవరాలి కళ్ళు ఎటు చూస్తాయో నాకు తెలుసు. దారిలో కనిపిస్తే గొడుగు అడ్డం పెట్టుకునేవాణ్ని. ఒక్క దండమైనా పెట్టలేదు.

ఆవిడ పోయిన మూడోనాడు బడి వైపు నడిచాను. లైబ్రరీకి తాళం. అయినా పిల్లలు గుమ్మం ముందు చెప్పులు వరసగా విడిచి, వరండాలో గోడకి ఆనుకుని ఎవరి పుస్తకం వాళ్ళు చదువుకుంటున్నారు. నేనూ వరస చివర చెప్పులు విడిచాను. విడిచి, ఏ పిల్లని ఏమడగాలో తెలియక నిలబడిపోయాను.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ఆవిడ దగ్గర చదువుకున్నవారు. గురువారాలు రమ్మంటే రాని ముసలాడి గురించి ఆవిడ మీతో ఎప్పుడైనా ఒక మాట అందా? మంచైనా చెడైనా ఉన్నదున్నట్టు రాయండి. నా చూపు తగ్గిపోతోంది, నాకై నేను చదువుకోవాలి. బేగి రాయండి.